ఆగగలిగినోళ్ల వ్యాపారం



పోయిన వారం వెట్టి కథల గురించి రాస్తానని మాటిచ్చాను. అది ఇంకో వారం ఆగాలి. ఎందుకంటే మొన్న ఆదివారం సైనిక్‌పురిలోని మా ఫ్లాటులో ఒక పంచాయితీ నడిచింది. అది నా తల్లోంచి పోవడం లేదు. మా చిన్నాయన కొడుకు స్కాచ్ విస్కీ కంపెనీ పెడతానంటున్నాడు. దానికోసం తీసుకునే పదిహేను లక్షల లోనుకు నన్ను జామీను ఉండమంటున్నాడు. పంచాయితీలో కూర్చున్నది నలుగురం. వాడు, నేను, మా నాయిన, మా చిన్నమ్మ.

చిన్నమ్మ సంగతి ముందే చెప్పాలి. మా చిన్నాయన గుడుంబా తాగి తాగి నలభై రెండేళ్లకే పోయాడు. అప్పటికి వీడికి తొమ్మిదేళ్లు. చిన్నమ్మ సైనిక్‌పురి బంగళాల్లో అంట్లు తోమి, బట్టలుతికి వీణ్ని చదివించింది. సాయంత్రం సార్లు తాగిన గ్లాసులు పొద్దున ఆమే కడిగేది. అట్లాంటి మనిషి ముందు కూర్చొని కొడుకు "అమ్మా, నేను విస్కీ అమ్ముత" అంటే ఎట్లుంటది?

మా నాయినదీ గ్లాసుల బతుకే. కంటోన్మెంట్‌లో ఒక ఆఫీసర్స్ మెస్సులో ముప్పై ఒక్క ఏండ్లు మసాల్చీగా చేశాడు. మసాల్చీ అంటే మెస్సులో గిన్నెలు తోమే మనిషి. ఏ సీసాలో ఏముందో చూడకుండానే గ్లాసు వాసన పట్టి చెప్పేవాడని ఆయన దోస్తులు అనేవాళ్లు. ఆయన మాత్రం చుక్క ముట్టలేదు. తమ్ముణ్ని చూశాక అసలే ముట్టలేదు.

సైనిక్‌పురి తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇది రక్షణ దళాల ఆఫీసర్లు రిటైరయ్యాక ఉండటానికి ఏర్పడ్డ కాలనీ. పెద్ద పెద్ద చెట్లు, వెడల్పు రోడ్లు, ముందర తోటలున్న ఇండ్లు. ఇప్పుడు ఆ పాత బంగళాలు చాలామట్టుకు కాఫీ షాపులు, బేకరీలు, పబ్బులు అయ్యాయి. మేం పెరిగింది నేరేడ్‌మెట్ వైపు బస్తీలో. చిన్నప్పుడు ఈ వీధుల్లోకి మేం వచ్చేది పనికో, ఖాళీ సీసాలు ఏరుకోవడానికో. విస్కీ సీసాకు బీరు సీసాకన్నా ఎక్కువ పైసలొచ్చేవి. మా వాడకు స్కాచ్‌తో ఉన్న మొదటి సంబంధం ఖాళీ సీసాది. ఇప్పుడు మా తమ్ముడు నిండు సీసా మీద తన పేరు వేసుకుంటానంటున్నాడు.

*

వాడు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఇచ్చిన ఇరవై లక్షలతో గ్లాస్గోలో మేనేజ్‌మెంట్ మాస్టర్స్ చేశాడు. చదువుకుంటూ ఒక మద్యం దుకాణంలో పార్ట్‌టైమ్ చేశాడు. అట్లా పట్టింది వాడికి ఈ పిచ్చి.

"అన్నా, నేను విస్కీ కాయను. కాసినోళ్ల దగ్గర పీపా కొంట. నా లేబుల్ ఏసి అమ్ముత. అంతే" అన్నాడు.

దీన్ని ఇండిపెండెంట్ బాట్లింగ్ అంటారు. స్కాట్లాండ్‌లో దాదాపు నూటయాభై డిస్టిలరీలున్నాయి. అవి చేసిన విస్కీ అంతా తమ పేరు మీదే అమ్ముకోవు. ఎక్కువ భాగం బ్లెండ్లు చేసే పెద్ద కంపెనీలకు పోతుంది. కొన్ని పీపాలు దళారుల చేతుల్లో తిరుగుతుంటాయి. ఒక్కో పీపాలో విస్కీ ఒక్కో తీరుగా తయారవుతుంది. ఒకే రోజు, ఒకే బట్టీ నుంచి నింపిన రెండు పీపాలు పదేళ్లకు రెండు రకాలుగా మారతాయి. మంచి పీపాను పట్టుకొని, కొని, సీసాల్లో నింపి, తన పేరుతో అమ్మేవాడే ఇండిపెండెంట్ బాట్లర్. ఈ పని పాతదే. అబెర్డీన్‌లో క్యాడెన్‌హెడ్ కంపెనీ 1842లో మొదలైంది. ఎల్గిన్ అనే ఊళ్లో 1895లో కిరాణా దుకాణంగా మొదలైన గోర్డన్ అండ్ మాక్‌ఫెయిల్ ఈ వ్యాపారంలో అందరికన్నా పెద్ద పేరు.

"బట్టీ పెట్టేదానికి కోట్లు కావాలె. దీనికి ముక్కు కావాలె అన్నా. నాయిన ముక్కు నాకొచ్చింది" అన్నాడు. నాయిన అంటే మా నాయిన. వాడు మా నాయినను నాయిన అనే పిలుస్తాడు.

ఇక్కడ చట్టం చాలా గట్టిది. 2009 స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారం విస్కీ స్కాట్లాండ్‌లోనే తయారవాలి. 700 లీటర్లకు మించని ఓక్ చెక్క పీపాల్లో, స్కాట్లాండ్ గడ్డ మీదే కనీసం మూడేళ్లు ఆగాలి. సీసాలో 40 శాతానికి తక్కువ ఆల్కహాల్ ఉండకూడదు. సింగిల్ మాల్ట్ అయితే 2012 నవంబరు నుంచి సీసాలో నింపడం కూడా అక్కడే జరగాలి. కాబట్టి సైనిక్‌పురిలో షెడ్డు వేసి నింపుతానంటే కుదరదు. మన దగ్గర బ్లాక్ అండ్ వైట్, టీచర్స్ లాంటివి ఇక్కడ నింపుతున్నారంటే అవి బ్లెండ్లు. వాటిని ట్యాంకుల్లో తెచ్చుకోవచ్చు.

నేను సాహిత్యం చదివినవాణ్ని. నాకు లెక్కలకన్నా లేబుల్ దగ్గర ఆసక్తి పుట్టింది. పీపా కొన్నంత మాత్రాన డిస్టిలరీ పేరు వాడుకునే హక్కు చాలాసార్లు రాదట. అప్పుడు బాట్లర్ లేబుల్ మీద "స్పేసైడ్‌లోని ఒక డిస్టిలరీ" అని మాత్రమే వేస్తాడు. పుట్టిన ఊరు చెప్పొచ్చు, ఇంటిపేరు చెప్పకూడదు. నేను ఇదే కాలనీ చుట్టుపక్కల అద్దె ఇంటి కోసం తిరిగిన రోజులు గుర్తొచ్చి నవ్వొచ్చింది. మేమూ అట్లాగే దిగాం ఇండ్లల్లో, పుట్టిన జిల్లా చెప్పి, ఇంటిపేరు మింగి.

ఇంకో సంగతి చెప్పాడు. కొన్ని డిస్టిలరీలు తమ పీపా అమ్మేటప్పుడు దాంట్లో ఒక చెంచా వేరే డిస్టిలరీ విస్కీ కలుపుతాయి. రుచి ఏమీ మారదు. కానీ ఆ ఒక్క చెంచాతో అది చట్టం దృష్టిలో సింగిల్ మాల్ట్ కాకుండా పోతుంది. ఇక ఎవడూ ఆ డిస్టిలరీ పేరుతో అమ్ముకోలేడు. రెండు వందల లీటర్లను ఒక చెంచా చెడగొడుతుంది. మా నాయిన ఇది విని, "మనం ముట్టుకుంటే బాయి చెడ్డట్టా?" అన్నాడు. నేను పీహెచ్‌డీ చేసి చెప్పలేని పోలిక ఆయన ఒక్క ముక్కలో తేల్చాడు.

*

తర్వాత లెక్కలు పెట్టాడు. ఆ లెక్కల్లోనే నాకు అసలు విషయం అర్థమైంది.

హాగ్స్‌హెడ్ అనే పీపాలో సుమారు 250 లీటర్లు పడతాయి. చెక్కలోంచి ఏడాదికి దాదాపు రెండు శాతం ఆవిరైపోతుంది. దాన్ని వాళ్లు దేవదూతల వాటా అంటారు. పదేళ్లకు 250లో రమారమి 205 లీటర్లు మిగులుతాయి. 700 మిల్లీలీటర్ల సీసాల్లో నీళ్లు కలపకుండా నింపితే 290 సీసాల దాకా వస్తాయి.

"నలభై అయిదు లీటర్లు దేవుడే తాగుతడా? ఆయనకు గూడ మన పీపనే దొరికిందా?" అన్నది చిన్నమ్మ. పొద్దటి నుంచి ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

ఆ పదేళ్లూ పీపా పన్నుకట్టని బాండెడ్ గోదాములో ఉంటుంది. అద్దె కట్టాలి, బీమా కట్టాలి. అమ్మకం పన్ను బయటికి తీసినప్పుడే కానీ, పెట్టిన డబ్బు మాత్రం పదేళ్లు కదలదు. పీపా కారిపోవచ్చు. చెక్క మంచిది కాకపోతే విస్కీ చెడొచ్చు. ఇదంతా తట్టుకొని ఆగినవాడికే లాభం.

గోర్డన్ అండ్ మాక్‌ఫెయిల్ వాళ్లు 1940లో గ్లెన్‌లివెట్ డిస్టిలరీ విస్కీతో ఒక పీపా నింపి పెట్టారు. దాన్ని 2021లో 80 ఏళ్ల విస్కీగా బయటికి తెచ్చారు. ఆ కంపెనీని నడిపేది అర్క్‌హార్ట్ కుటుంబం. తాతల కాలంలో నింపింది, మనవల కాలంలో తీశారు. మధ్యలో ఒక ప్రపంచ యుద్ధం పోయింది. కుటుంబానికి ఆ పీపా అమ్ముకోవాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. ఎవరికో జ్వరమొచ్చి, ఎవరి పెళ్లో వచ్చి, కరువొచ్చి దాన్ని తెగనమ్మలేదు.

1940లో మా తాత ఏం చేస్తున్నాడు? భువనగిరి దగ్గర మా ఊళ్లో దొరకు చెప్పులు కుట్టి ఇస్తున్నాడు, బాయి మీది మోటకు తోలు బొక్కెన కుట్టి ఇస్తున్నాడు. వెట్టికి. నిజాం రాజ్యంలో మాదిగలు తోలు సామాను ఊరికే ఇయ్యాలనేది ఊరి కట్టుబాటు. ఆయన కుట్టిన బొక్కెనతో తోడిన నీళ్లకు పండిన పంట దొర గాదెలో ఏండ్లకేండ్లు ఆగింది. ఆయన చేతిలో ఏదీ ఒక పూటకు మించి ఆగలేదు.

మిత్రులారా, మనం పెట్టుబడి అంటే డబ్బు అనుకుంటాం. ఈ వ్యాపారం చూశాక నాకనిపించింది, పెట్టుబడిలో డబ్బుకన్నా ముందుండేది ఆగగలగడం. ఆగితే విలువ పెరిగే వస్తువులన్నీ ఆగగలిగిన కులాల దగ్గరే ఉన్నాయి. భూమి, బంగారం, కోచింగుకు మూడేళ్లు ఇంట్లో కూచోబెట్టగలిగిన తల్లిదండ్రులు. మన పిల్లవాడు పీహెచ్‌డీలో ఆరో ఏడాది ఉంటే ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే, "ఇంకెన్నేండ్లు బిడ్డా?" అది వాళ్ల తప్పు కాదు. మన ఇళ్లల్లో పీపా పెట్టే చోటు లేదు.

మా తమ్ముడి దగ్గర ఈ సంగతి ఇంకా విచిత్రంగా ఉంది. మూడేళ్లు నిండందే దాన్ని స్కాచ్ అనడానికి వీల్లేదు. చదువైపోయాక వాడికి బ్రిటన్ ఇచ్చిన గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు. కొత్త పీపా నింపితే అది విస్కీ అయ్యేలోపు వీణ్ని దేశం బయటికి పంపేస్తారు. అందుకే వాడు ఇప్పటికే ఎనిమిదేళ్లో, పదేళ్లో ఆగి ఉన్న పీపా కొంటానంటున్నాడు. అంటే ఇంకొకడు ఆగిన కాలాన్ని ఎక్కువ ధర పెట్టి కొనడం. ఆగలేనివాడు ఎప్పుడూ కట్టే పన్ను ఇదే.

*

మనవాళ్లు ఈ వ్యాపారంలో గెలిచినవాళ్లు లేరా అని అడిగాను. మనవాళ్లంటే ముందు భారతీయులు. సుఖిందర్ సింగ్, రాజ్‌బీర్ సింగ్ అనే అన్నదమ్ములు 1999లో లండన్‌లో ది విస్కీ ఎక్స్‌చేంజ్ పెట్టి ఇంటర్నెట్‌లో అమ్మారు. 2021లో దాన్ని ఫ్రెంచి కంపెనీ పెర్నో రికార్డ్ కొన్నది. వాళ్ల బాట్లింగ్ కంపెనీ ఎలిక్సర్ డిస్టిల్లర్స్ 2022లో టోర్మోర్ అనే డిస్టిలరీనే కొనేసింది. మా తమ్ముడి ఫోన్ వాల్‌పేపర్ మీద సుఖిందర్ సింగ్ ఉన్నాడు.

నేను గౌరవంగానే ఒక మాట గుర్తుచేశాను. ఆ అన్నదమ్ముల తల్లిదండ్రులకు పశ్చిమ లండన్‌లో అప్పటికే మద్యం దుకాణం ఉంది. కొడుకులు ఆ దుకాణంలో సీసాల మధ్యనే పెరిగారు. నువ్వూ సీసాల మధ్యనే పెరిగినవ్ తమ్మీ, కానీ అవి ఖాళీవి.

వాడు ఊరుకోలేదు. "అందుకే జామీను అడుగుతున్న. మా నాయిన దుకాణం పెట్టలే, నువ్వు సంతకం పెట్టు" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది.

దళితులకు లోన్లు లేవా అని మీరు అడగొచ్చు. స్టాండప్ ఇండియా 2016 ఏప్రిల్‌లో వచ్చింది. ప్రతి బ్యాంకు శాఖ ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు పది లక్షల నుంచి కోటి దాకా ఇవ్వాలన్నది అప్పటి పథకం. వాడు ఒక బ్యాంకుకు పోయాడు. మేనేజరు మర్యాదగానే కూర్చోబెట్టాడు. సరుకు స్కాట్లాండ్‌లో ఉంటే నేను దేని మీద ఇయ్యాలి అన్నాడు. తర్వాత "డైరీ పెట్టుకో, ఇస్త" అన్నాడు. మనవాడు గ్లాస్గో నుంచి వచ్చినా చివరికి బర్రెల దగ్గరికే పంపిస్తారు.

మద్యంలో మన వాటా ఎంతో కూడా చూద్దాం. 2021లో తెలంగాణ ప్రభుత్వం వైన్స్ షాపుల్లో గౌడలకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ పెట్టింది. మొత్తం 2,620 షాపుల్లో ఎస్సీలకు 262. లాటరీ తీస్తారు. దరఖాస్తుకు రెండు లక్షలు, రాకపోతే తిరిగి ఇవ్వరు. 2025లో దాన్ని మూడు లక్షలు చేశారు. మా బస్తీలో ఒకాయనకు షాపు వచ్చింది. కాగితం మీద ఆయనే ఓనరు. గల్లా దగ్గర కూచునేది పెట్టుబడి పెట్టినాయన బావమరిది. మా ఓనరు నెలకింత తీసుకొని ఇంట్లో ఉంటాడు. పేరు మనది, పీపా వాళ్లది. స్కాచ్‌లో పీపా కొన్నా పేరు రాదు, ఇక్కడ పేరున్నా పీపా రాదు.

వాడి సరుకు ఇక్కడికి రావాలంటే ఇంకో గోడ ఉంది. సీసా మీద ఇన్నాళ్లూ 150 శాతం కస్టమ్స్ సుంకం. 2025 జులై 24న భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. అది అమలైన రోజు నుంచి సుంకం 75 శాతం, పదేళ్లలో 40 శాతం. స్కాచ్ పరిశ్రమకు ఇది ఎందుకంత ముఖ్యమంటే 2024లో మన దేశానికి 19 కోట్లకు పైగా సీసాలంత స్కాచ్ వచ్చింది. సంఖ్యలో ప్రపంచంలో మనమే మొదటివాళ్లం. కానీ తెలంగాణలో ఎవడు ఏ మద్యం అమ్మాలన్నా రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్‌కే అమ్మాలి. 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ అంత పెద్ద కంపెనీయే బకాయిలు రాలేదు, ధర పెంచలేదు అని బీరు సరఫరా ఆపేస్తామని ప్రకటించింది. వాళ్లు ఆపగలరు, ఆగగలరు. 290 సీసాలవాడు బిల్లు ఆరు నెలలు రాకపోతే ఎవరి ముందు ఆగుతాడు?

*

ఇంతసేపూ చిన్నమ్మ గోడకానుకొని కూచుంది. అప్పుడు అడిగింది.

"ఇది తాగినోళ్లు సావరా?"

వాడు సర్దిచెప్పబోయాడు. "అమ్మా, ఇది అట్ల తాగేది గాదు. పదిహేను వేల సీసా. కొద్దికొద్దిగ రుచి జూస్తరు. నాయిన తాగింది గుడుంబా, నల్లబెల్లం, పటిక..."

"నేను అడిగింది ధర గాదు బిడ్డా."

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. నేను అబద్ధం చెప్పలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది, ఇంత తాగితే ప్రమాదం లేదు అనగలిగిన మోతాదు లేదని. లివరుకు సింగిల్ మాల్టూ గుడుంబా తేడా అంతగా తెలియదు. తేడా తెలిసేది పోలీసులకు. పదిహేను వేల సీసా తాగి తూలితే డ్రైవరు ఇంటికి తీసుకుపోతాడు. గుడుంబా తాగి తూలితే ఠాణాకు తీసుకుపోతారు.

చిన్నమ్మ పక్కన మన చరిత్ర మొత్తం నిలబడింది. భాగ్యరెడ్డి వర్మ ఈ జంటనగరాల బస్తీల్లో తాగుడు మానమని ఊరూరా తిరిగినవాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా అంటుకొని 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టను అన్నది ఒకటి. నేను ఆ ప్రతిజ్ఞలు తీసుకున్నవాణ్ని. మా హాల్లో బుద్ధుడి బొమ్మ ఉంది. దాని కిందనే వీడు శాంపిల్ సీసాలు పెట్టాడు.

ఇంకోవైపు దళిత పెట్టుబడిదారీ అనే వాదన ఉంది. 2002 భోపాల్ డిక్లరేషన్ నుంచి, 2005లో పూణేలో మిలింద్ కాంబ్లే మొదలుపెట్టిన డిక్కీ నుంచి మనం వింటున్నాం. ఉద్యోగం అడిగేవాళ్లం కాదు, ఇచ్చేవాళ్లం కావాలని. నేను దాన్ని పూర్తిగా కొట్టిపారేయను. 1938లో మన్మాడ్ రైల్వే కార్మికుల సభలో బాబాసాహెబ్ బ్రాహ్మణవాదాన్నీ పెట్టుబడిదారీనీ రెండింటినీ శత్రువులన్నాడు. అది నేను క్లాసులో చెప్తాను. కానీ క్లాసు అయిపోయాక నా జీతం ప్రభుత్వం నుంచి ఒకటో తారీకు వస్తుంది. వాడికి రాదు. నెల జీతమున్నవాడు జీతం లేనివాడికి పెట్టుబడిదారీ తప్పు అని చెప్పడం ఎంత సులువో ఆ రోజు తెలిసింది.

పైగా మన మీదే ఈ పవిత్రత భారం ఎందుకు? రెడ్డి, కమ్మ, రాజు, బనియా డిస్టిలరీలు నడిపితే పారిశ్రామికవేత్తలు. మనవాడు ఒక పీపా కొంటానంటే ఇంట్లో ధర్మసభ కూచుంటుంది. ఈ ప్రశ్న వాడు అడగలేదు, నేనే నన్ను అడుగుకున్నాను.

*

చివరికి వాడు ఒక చిన్న సీసా మూత తీసి గ్లాసులో నాలుగు చుక్కలు పోశాడు. "తాగకున్రి. వాసన జూడున్రి. పద్దెనిమిదేండ్లది, షెర్రీ పీపాలది."

నాకు ఏమీ తెలియలేదు. ఎండుద్రాక్షలా ఉందన్నాను. వాడి దగ్గర ఇంగ్లిషు వర్ణన ఉంది. అత్తిపండు, నారింజ తొక్క, పాత తోలు అని రాసి ఉంది. తోలు వాసన అక్కడ మెచ్చుకోలు. పాత విస్కీకి అది గొప్ప లక్షణమట.

నాయిన గ్లాసు తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకొని కండ్లు మూసుకున్నాడు. చాలాసేపు దించలేదు.

"ఇది మా నాయిన లంద రా" అన్నాడు.

పిల్లలకు లంద తెలియదేమో. లంద అంటే తోళ్లు ఊనే గుంత. పచ్చితోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క దంచి నానేసిన నీళ్లలో వారాలకొద్దీ ఊరబెట్టేవాళ్లు. తర్వాత తోలును సంచిలా కుట్టి, అందులో తంగేడు నీళ్లు పోసి, చెట్టుకు వేలాడదీసేవాళ్లు. చెక్కలోని వగరు తోలులోకి దిగి అది కుళ్లకుండా గట్టిపడుతుంది. ఆ వగరు పేరు టానిన్. ఓక్ పీపాలోంచి విస్కీలోకి దిగేది కూడా టానినే. ఇంగ్లిషులో తోలు శుద్ధికీ ఆ పదార్థానికీ పేరు ఒక్క చోటి నుంచే వచ్చింది. అక్కడ చెక్క కడుపులో నీళ్లు. మా దగ్గర తోలు కడుపులో చెక్క నీళ్లు.

అంటే మా తాతకు ఆగడం రాదని నేను అనుకున్నది తప్పు. ఆయనకు ఏ రోజు తోలు తియ్యాలో వాసనతో తెలుసు. ఒక రోజు ముందు తీస్తే పచ్చి, ఆలస్యమైతే పెళుసు. కొన్ని వారాలు వాసన చూస్తూ ఓపికపట్టి కూచోవడం ఆయన విద్య. గోర్డన్ అండ్ మాక్‌ఫెయిల్‌వాళ్లు చేసిందీ అదే విద్య. వాళ్ల వాసనకు వర్ణనలు రాశారు, మా వాసనకు మమ్మల్ని ఊరవతల పెట్టారు. ఊనిన తోలు ఇంట్లో ఆగనివ్వకుండా వెట్టికి పట్టుకుపోయారు. తంగేడు పువ్వు బతుకమ్మకు ఎక్కింది, తెలంగాణ రాష్ట్ర పుష్పమయింది. తంగేడు చెక్క దంచిన చెయ్యి మాత్రం బతుకమ్మ దగ్గరికి రాకూడదు.

నాయిన గ్లాసు కింద పెట్టి, "ముప్పై ఏండ్లు ఇదే వాసన గడిగిన. ఎవ్వనికి జెప్పలే" అన్నాడు. ఎందుకు చెప్పలేదని అడిగాను. "మెస్సుల లంద అంటె ఉద్యోగం ఉంటదా?" అన్నాడు.

*

పంచాయితీ ఎట్లా తెగిందో చెప్పి ముగిస్తాను.

పదిహేను లక్షలకు నేను సంతకం పెట్టలేదు. నా ఫ్లాటు మీద ఇంకా పద్నాలుగేళ్ల కిస్తీలున్నాయి. అయిదు లక్షలకు జామీను ఉంటానన్నాను. దానికి రెండు షరతులు పెట్టాను. కొత్త పీపాలు, పీపా మీద పెట్టుబడి పెడితే రెండింతలు అనే దళారుల మాటలు నమ్మొద్దు. ఒకే పీపాను నలుగురికి అమ్మిన మోసాలను 2025లో బీబీసీ బయటపెట్టింది. గోదాము యజమాని పేరు మార్చినట్టు రాసిచ్చిన డెలివరీ ఆర్డరు చేతికి రాకుండా ఒక్క పౌండు కట్టొద్దు. రెండోది, గ్లాస్గోలో ఉద్యోగం వదలొద్దు. ముందు ఒక్క పీపా. అది అమ్ముడుపోతేనే రెండోది.

పేరు గురించి చాలాసేపు వాదించుకున్నాం. వాడు ముందు ఏదో ఇంగ్లిషు దొరల పేరు అనుకొని వచ్చాడు. నాయిన గ్లాసు దించాక దాని మాటే ఎత్తలేదు. ఇప్పుడు తంగేడు అని పెట్టాలంటున్నాడు, తెలుగు అక్షరాల్లోనే. వెనక లేబుల్ మీద లంద అంటే ఏమిటో నాలుగు వాక్యాలు నన్ను రాయమన్నాడు. డిస్టిలరీ పేరు దాచాల్సొస్తే దాస్తాం. మా పేరు దాచం.

చిన్నమ్మ ఒప్పుకుందా? ఒప్పుకోలేదు. కాదని కూడా అనలేదు. పోతూ పోతూ చెప్పులు తొడుక్కుంటూ కొడుకుతో అన్నది, "అమ్ముకో. మన బస్తికి మాత్రం తేకు. ఆ సీస మీద మీ నాయిన పేరు ఏనాడు ఎయ్యకు." వాడు తల ఊపాడు. ఆమె లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

నేను ఆ విస్కీ తాగలేదు, తాగను. మీరు తాగమని ఈ వ్యాసం రాయలేదు. మన దగ్గర లేనిది డబ్బు ఒక్కటే కాదని, ఆగే వీలు కూడా మన దగ్గరి నుంచి గుంజుకున్నారని చెప్పడానికి రాశాను. మనం స్కాలర్‌షిప్పులు సకాలంలో అడిగినప్పుడు, పీహెచ్‌డీకి అయిదేళ్ల ఫెలోషిప్పు అడిగినప్పుడు, భూమి అడిగినప్పుడు, అసలు అడుగుతున్నది ఆ ఆగే వీలునే.

వాడు పోయిన బుధవారం తిరిగి గ్లాస్గో వెళ్లాడు. ఒక పీపా చూశాడట. దళారి డబ్బు ముందు కట్టమన్నాడు, డెలివరీ ఆర్డరు తర్వాత పంపుతానన్నాడు. వీడు కట్టలేదు. నిన్న రాత్రి ఫోన్‌లో, "ఇంకోటి దొరికెదాక ఆగుత అన్నా" అన్నాడు.

సరే తమ్మీ, ఆగు.

జై భీమ్.